లాగే బండి కాదు, మోసే బండి చూడండి

ఫిఫ్త్ వీల్ క్యాంపర్ అంటే పికప్ ట్రక్కు వెనక తొట్టిలో మెడ తగిలించి లాగే చక్రాల ఇల్లు. దాని కోసం ట్రక్కు వెతికేవాళ్ళు దాదాపు అందరూ మొదట అడిగేది "ఇది ఎన్ని పౌండ్లు లాగుతుంది?" అని. ట్రక్కు ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేదీ ఆ అంకే, షోరూంలో చెప్పేదీ అదే. కానీ ఈ రకం క్యాంపర్‌కి ముందు చూడాల్సింది ఆ బండి తన నడుం మీద ఎంత మోయగలదో. ఈ ఒక్క మాట మా బావగారికి నచ్చజెప్పడానికి నాకు చాలా ఫోన్లు పట్టాయి. ఆ చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే అమెరికాలో రిటైరయ్యాక ఇలా ఊళ్ళు తిరగాలనుకునే మనవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, వాళ్ళకి తెలుగులో ఈ లెక్క చెప్పేవాళ్ళు పెద్దగా కనపడలేదు.

అక్కావాళ్ళు ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. పిల్లలు ఉద్యోగాల్లో పడ్డారు, బావగారు రిటైరయ్యారు, ఇక హోటల్ గదులూ బయట తిండీ లేకుండా తన వంటింటిని తన వెంటే తీసుకెళ్ళాలని అక్క కోరిక. కొలరాడో కొండలు, ఆ తర్వాత ఎల్లోస్టోన్. నేను చెన్నైలో మాధవరం దగ్గర ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో కంటైనర్ ట్రైలర్ల మెయింటెనెన్స్ చూస్తాను. అందుకని బావగారు "నీ రోజువారీ పనే కదటోయ్, ఏది కొనాలో నువ్వే చెప్పు" అన్నారు. నిజమే, పని అదే. ఎన్నూరు, మణలి రోడ్ల మీద ఎప్పుడైనా ట్రైలర్ తగలకుండా ఒట్టి లారీ ముందు భాగం వెళ్తుంటే గమనించండి, క్యాబిన్ వెనకాల గ్రీజు పూసిన గుండ్రటి ఇనప పళ్ళెం ఒకటి కనిపిస్తుంది, మధ్యలో నోరు తెరుచుకుని ఉంటుంది. అదే ఫిఫ్త్ వీల్. ట్రైలర్ కింద రెండంగుళాల లావున్న కింగ్ పిన్ ఒకటి వేలాడుతుంది, అది ఆ నోట్లోకి వెళ్ళి లాక్ అవుతుంది. అమెరికాలో క్యాంపర్లకి వాడేదీ ఇదే ఏర్పాటు, కాకపోతే పళ్ళెం పికప్ ట్రక్కు వెనక తొట్టిలో, సరిగ్గా వెనక యాక్సిల్ మీదో దానికి కాస్త ముందో బిగిస్తారు. క్యాంపర్ మెడ ఆ తొట్టి మీదకి వచ్చి కూర్చుంటుంది.

తేడా అంతా ఆ కూర్చోవడంలోనే ఉంది. మామూలు ట్రావెల్ ట్రైలర్ని బంపర్ వెనక బంతికి తగిలిస్తారు, దాని బరువులో పదో వంతు నుంచి 15 శాతం దాకా ట్రక్కు మీద పడుతుంది. ఫిఫ్త్ వీల్‌లో అది 15 నుంచి 25 శాతం, సామాను సర్దిన క్యాంపర్‌కైతే 20 దాటుతుందని ముందే అనుకోవడం మంచిది. మా నెల్లూరు వైపు ఎద్దుబండి తోలినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, వడ్ల బస్తాలు ముందుకి పేరిస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది, వెనక్కి పేరిస్తే కాడి పైకి లేస్తుంది, ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. క్యాంపర్‌లోనూ అంతే. దాని చక్రాలు మధ్యకన్నా బాగా వెనక్కి ఉంటాయి, పడగ్గది మెడ మీద ఉంటుంది, బట్టల అల్మారా, వాషింగ్ మెషీన్ పెట్టే చోటు, బ్యాటరీలు, కింద పెద్ద సామాన్ల అర, కొన్నిటిలో జనరేటర్, అన్నీ ముందు వైపే. అంటే మీరు ఇంట్లోంచి తెచ్చి సర్దే ప్రతి వస్తువులో పెద్ద వాటా ట్రక్కు మీదే పడుతుంది. ఇలా కింగ్ పిన్ మీదుగా ట్రక్కు మీద పడే బరువునే పిన్ బరువు అంటారు. బ్రోషర్‌లో రాసిన పిన్ బరువు ఖాళీ క్యాంపర్‌ది. ఖాళీ క్యాంపర్‌లో ఎవరూ కాపురం చెయ్యరు.

బావగారికి నచ్చిన క్యాంపర్ గరిష్ఠ బరువు, అంటే సామానుతో సహా దాటకూడని మొత్తం (జీవీడబ్ల్యూఆర్), 14,000 పౌండ్లు. మన లెక్కలో 6,350 కిలోలు. ఖాళీగా 11,400 పౌండ్లు, ఖాళీ పిన్ బరువు 2,150 అని కాగితం మీద ఉంది. ఆయన ఆ 2,150 పట్టుకుని కూర్చున్నారు. నేను ఇలా లెక్క వేశాను: అక్క సర్దుడు సంగతి నాకు తెలుసు, గ్రైండర్ నుంచి బియ్యం బస్తా దాకా ఎక్కుతాయి, నీళ్ళ ట్యాంకులో గాలన్‌కి 8 పౌండ్లకి పైగా బరువు, కాబట్టి రోడ్డెక్కేసరికి క్యాంపర్ 13,500 ఉంటుందనుకుందాం. అందులో 22 శాతం అంటే 2,970 పౌండ్లు. తొట్టిలో బిగించే హిచ్, అంటే ఆ ఫిఫ్త్ వీల్ పళ్ళెం, ఇంకో 170. ఇద్దరు మనుషులు 330. పనిముట్ల పెట్టె, గొట్టాలు, చిన్నా చితకా 150. మొత్తం 3,620 పౌండ్లు. 1,640 కిలోలన్నమాట. ట్రక్కు ఈ బరువు మొయ్యాలి. లాగడం సంగతి తర్వాత.

ఇప్పుడు ట్రక్కు ఎంత మోస్తుందో ఎక్కడ చూడాలి? బ్రోషర్‌లో చూడకండి. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద పసుపూ తెలుపూ స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు, ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద అచ్చయి ఉంటుంది. అది మోడల్ మొత్తానికి కలిపి వేసిన అంకె కాదు, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ఆ ఒక్క బండిది. ఒకే పేరు, ఒకే సంవత్సరం, ఒకే రంగు ఉన్న రెండు బండ్లకి వందల పౌండ్ల తేడా ఉండొచ్చు. సన్‌రూఫ్, లెదర్ సీట్లు, కరెంటుతో దిగే మెట్లు, ఫోర్ బై ఫోర్, అన్నీ ఆ అంకెలోంచే పోతాయి. షోకు పెరిగేకొద్దీ మోసే బరువు తగ్గుతుంది. అందుకే బావగారికి ఒకటే చెప్పాను: "బండి ఫోటోలు నాకొద్దు బావగారూ, తలుపు స్టిక్కర్ ఫోటో పంపండి." వారాంతాల్లో డీలర్ల దగ్గరికి వెళ్ళి ఆయన వాట్సాప్‌లో స్టిక్కర్లు పంపడం, నేను ఇక్కడ పొద్దున్నే కాఫీ తాగుతూ కూడికలూ తీసివేతలూ చెయ్యడం, కొన్నాళ్ళు ఇదే పని.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, చాలామందికి తెలియదు. మోసే బరువు అంకెతో ఆ స్టిక్కర్ ఉండి తీరాలన్న నిబంధన జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్లు లేదా అంతకంటే తక్కువ ఉన్న బండ్లకే. అది దాటిన పెద్ద బండ్ల మీద ఆ వాక్యం లేకపోవచ్చు. అప్పుడు దారి ఒకటే, బండిని కాటా వేయించి, తలుపు మీద రాసిన గరిష్ఠ బరువులోంచి ఆ తూకం తీసెయ్యడం. వెనక యాక్సిల్‌కి విడిగా ఒక పరిమితి రాసి ఉంటుంది, దాన్నీ చూడాలి, ఎందుకంటే పిన్ బరువు దాదాపు అంతా వెనక యాక్సిల్ మీదే దిగుతుంది.

లాగే సామర్థ్యం అంకె అబద్ధం అని నేననడం లేదు. దానికి ఎస్ఏఈ జె2807 అని ఒక పరీక్షా పద్ధతి ఉంది, చాలా గట్టి పద్ధతి. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్ళకు పైగా ఎడతెగని ఎక్కుడు దారి ఒకటుంది, ఎడారి ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, ట్రైలర్‌తో ఆ దారి ఎక్కాలి, వేగం ఒక హద్దు కిందకి పడకూడదు, ఇంజన్ వేడెక్కకూడదు. 12 శాతం ఏటవాలులో ఆగి మళ్ళీ కదలాలి. ఇవన్నీ ఇంజనూ, గేర్‌బాక్సూ, కూలింగూ ఎంత గట్టివో చెప్తాయి. కానీ ఆ లెక్కలో ట్రక్కులో కూర్చునేది డ్రైవరూ ఇంకొకరూ, తలా 150 పౌండ్లు. మీ మనవడూ, మీ కుక్కా, మీ టూల్‌బాక్సూ అందులో లేవు. హాఫ్ టన్ అనే తరగతి (టన్ను పేరుకే, మోసే బరువు కాదు) ట్రక్కుల్లో కొన్నిటికి 13 వేల పౌండ్లు లాగుతాయని రాసి ఉంటుంది, అదే బండి తలుపు తెరిస్తే మోసేది 1,700, 1,800 అని ఉంటుంది. 13 వేల ఫిఫ్త్ వీల్‌కి 20 శాతం వేసుకున్నా పిన్ బరువు 2,600. రెండు అంకెలూ నిజమే, కానీ రెండూ ఒకే రోజు ఒకే బండి మీద కుదరవు.

ఇంజన్ గురించి మనవాళ్ళకి ఉండే భ్రమ పోవడానికి చెన్నై హార్బర్ గేటు దగ్గర నిలబడితే చాలు. టాటా సిగ్నా 5530 అని 55 టన్నుల దాకా అనుమతి ఉన్న ట్రాక్టర్ ట్రైలర్ ఉంది, దాంట్లో ఉన్నది 6.7 లీటర్ల కమ్మిన్స్ ఇంజన్, 1,100 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. అమెరికాలో రామ్ 2500, 3500 డీజిల్ బండ్లలో ఉన్నదీ అదే బి సిరీస్ కుటుంబం, అదే 6.7 లీటర్లు. పైగా దాని హై అవుట్‌పుట్ రకానికి టార్క్ 1,075 పౌండ్ ఫీట్లు, అంటే మన లెక్కలో 1,450 న్యూటన్ మీటర్లకు పైనే. ఇక్కడ 55 టన్నులు లాగే ఇంజన్‌కి అక్కడ ట్రక్కూ క్యాంపరూ కలిపి పది టన్నులు ఒక లెక్కా? ఫోర్డ్ పవర్ స్ట్రోక్, జీఎం డ్యూరామాక్స్ ఇంజన్లు కూడా అంతే, ఏదీ తక్కువ తినలేదు, టార్క్ అంకెల్లో ఎవరు ముందని పోట్లాడుకునేవాళ్ళు పోట్లాడుకోనీండి. మన 5530 ఆ బరువు మొయ్యగలిగేది ఇంజన్ వల్ల కాదు. దాని ఛాసిస్, యాక్సిల్, వెనక జోడు టైర్లు, బ్రేకులు ఆ పనికే కట్టినవి. పికప్‌లో కూడా మీరు డబ్బు పెట్టాల్సింది వాటికే.

ఇక తరగతుల సంగతి. హాఫ్ టన్, అంటే ఎఫ్-150, రామ్ 1500, సిల్వరాడో 1500: ఫిఫ్త్ వీల్‌కి నేను వద్దంటాను. "హాఫ్ టన్‌తో లాగొచ్చు" అని రాసి అమ్మే చిన్న ఫిఫ్త్ వీల్స్ ఉన్నాయి, వాటిని కొనుక్కున్నా ట్రక్కు మాత్రం పై తరగతిది తీసుకోండి. మూడువంతుల టన్ (ముప్పావు టన్), అంటే 250 లేదా 2500: ఇందులో చాలా బండ్లకి గరిష్ఠ బరువు సరిగ్గా 10,000 పౌండ్ల దగ్గర ఆపి ఉంటుంది. డీజిల్ ఇంజన్ పెట్రోల్ ఇంజన్ కన్నా వందల పౌండ్లు బరువు. ఆ పరిమితి అక్కడే ఉండి ఇంజన్ బరువు పెరిగితే తగ్గేది ఏమిటో చెప్పక్కర్లేదు. బావగారు మొదట ముచ్చటపడి చూసిన మూడువంతుల టన్ డీజిల్ ఫోర్ బై ఫోర్ స్టిక్కర్ మీద 2,200 చిల్లర ఉంది. మనకి కావాల్సింది 3,620. ఆ డీలర్ దగ్గర సేల్స్ అతను "ఇది అవలీలగా లాగేస్తుంది సర్" అన్నాడట. లాగేస్తుంది, నిజమే. వెనక టైర్లని ఎవరూ అడగలేదు.

ఇక్కడ చిత్రం ఏమిటంటే అదే మూడువంతుల టన్‌లో పెట్రోల్ బండి తీసుకుంటే 3,000కి పైగా మోసేవి దొరుకుతాయి. పదివేల పౌండ్ల లోపు చిన్న ఫిఫ్త్ వీల్ కొనుక్కుని, టెక్సాస్, లూసియానా లాంటి చోట్ల పల్లపు దారుల్లో తిరిగేవాళ్ళకి నా ఓటు ఆ పెట్రోల్ బండికే. ధర తక్కువ, డెఫ్ (డీజిల్ పొగని శుద్ధి చేసే ద్రవం) పోసే పని లేదు, సర్వీసు సులువు.

మా వాళ్ళ క్యాంపర్‌కి మాత్రం ఒక టన్, అంటే 350 లేదా 3500 తరగతి తప్పదు. అందులో రెండు రకాలు, వెనక పక్కకొక టైరు ఉన్నవి, పక్కకి రెండేసి ఉన్నవి. ఈ రెండోదాన్ని అక్కడ డ్యూయలీ అంటారు. ఒంటి టైరు డీజిల్ బండి 3,600 నుంచి 4,200 దాకా మోస్తుంది. అంటే మా లెక్క కాగితం మీద సరిపోయింది, కొద్దిలో. బావగారు అక్కడ ఆగిపోదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒంటి టైరు ఒక్కోటి 80 పీఎస్ఐ గాలితో మోసేది సుమారు 3,600 పౌండ్లు, వెనక రెండు టైర్లకీ కలిపి 7,200, అందులో ఖాళీ బండి వెనక భాగమే మూడు వేలకు పైగా తినేస్తుంది. జులైలో టెక్సాస్‌లోని అమరిల్లో అనే ఊరి దారిలో తారు కాగుతుంటే, పక్కనుంచి గాలి కొడుతుంటే, ఆ రెండు టైర్లూ వాటి హద్దు దగ్గరే గంటల తరబడి పరిగెత్తాలి. వాటిలో ఒకటి పేలితే? మా కంపెనీ లారీల్లో వెనక జోడులో ఒకటి పేలితే డ్రైవర్ ఎడంపక్కకి ఆపి ఫోన్ చేస్తాడు, అంతే. ఒంటి టైరు బండికి ఆ అవకాశం ఉండదు. లోపల ఉండేది మా అక్క. డ్యూయలీ గరిష్ఠ బరువు 14,000 పౌండ్ల దాకా ఉంటుంది, మోసేది ఐదు వేలకు పైనే. మనకు కావాల్సింది 3,620. ఆ తేడా నాకు కావాలి.

ఈలోగా ఎవరో స్నేహితుడు బావగారికి ఎయిర్ బ్యాగ్స్ సలహా ఇచ్చాడు, మూడువంతుల టన్ బండికి వెనక గాలి తిత్తులు పెట్టిస్తే కుంగదని. కుంగదు. మన దగ్గర కూడా లారీలకి కమాన్ కట్టలో పట్టీలు ఎక్కువ వేయించి ఓవర్‌లోడ్ కొట్టేవాళ్ళు ఉన్నారు, బండి నిటారుగానే కనిపిస్తుంది, కానీ యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే, వాటికి ఆ పట్టీల సంగతి తెలియదు. తలుపు మీది అంకె ఏ ఎయిర్ బ్యాగ్ వల్లా మారదు. ఎత్తు సరిచేసుకోవడానికి పెట్టించుకుంటే పెట్టించుకోండి, బరువు పెంచడానికి మాత్రం కాదు.

డ్యూయలీతో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి, అక్క చెప్పినవన్నీ సబబే. వెనక వెడల్పు ఎనిమిది అడుగులు, కాఫీ షాపు డ్రైవ్ త్రూలో ఇరుకు, కార్ వాష్‌లు చాలావాటిలో పట్టదు, ఖాళీగా వెళ్తే కుదుపు ఎక్కువ, ఆరు టైర్లు కొనాలి. లాంగ్ బెడ్ క్రూ క్యాబ్ (పొడవు తొట్టి, నాలుగు తలుపుల క్యాబిన్) బండి పొడవు 22 అడుగులు, ఫ్రిస్కో ఇళ్ళ గ్యారేజీల్లో పట్టడం కష్టం, బయట పెడితే కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళ నుంచి ఉత్తరం రావచ్చు. క్యాంపర్ ఎటూ ఊరి బయట స్టోరేజీలోనే పెట్టాలి కాబట్టి ట్రక్కునీ అక్కడే పెట్టి, ఊళ్ళో తిరగడానికి ఉన్న కారే వాడుకుంటామని తేల్చారు. మీకు ఒకటే బండి ఉండి, రోజూ ఆఫీసుకి దాంట్లోనే వెళ్ళాలంటే డ్యూయలీ బలవంతంగా నెత్తికెత్తుకోకండి, క్యాంపర్ చిన్నది చేసుకోండి. అసలు వరుస అదే: ముందు క్యాంపర్ నిర్ణయించుకోవాలి, దాని గరిష్ఠ బరువు తెలియాలి, ఆ తర్వాత ట్రక్కు. ట్రక్కు ముందు కొని దానికి తగ్గ క్యాంపర్ వెతికేవాళ్ళు ఏడాది తిరిగేసరికి రెండో ట్రక్కు కొంటారు.

డీజిలా పెట్రోలా అన్నదానికి మా విషయంలో జవాబు కొండలే చెప్పాయి. ఫ్రిస్కో నుంచి కొలరాడో వెళ్ళాలంటే అమరిల్లో మీదుగా రాటన్ పాస్ అనే కనుమ ఎక్కాలి, 7,800 అడుగులకు పైన. డెన్వర్ దాటి ఐ-70 హైవేలో పడమటికి వెళ్తే ఐసన్‌హోవర్ సొరంగం 11 వేల అడుగుల పైన ఉంది, దానికి రెండు పక్కలా ఆరేడు శాతం వాలు. టర్బో లేని పెట్రోల్ ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది, సొరంగం దగ్గరికి చేరేసరికి మూడో వంతు దాకా పోయినట్టే. టర్బో డీజిల్‌కి ఆ బాధ చాలా తక్కువ. అయితే నాకు ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం. ధర్మపురి, సేలం మధ్య తొప్పూరు ఘాట్‌లో బ్రేకులు కాలిపోయిన లారీలు ఏం చేస్తాయో మా పనిలో ఉన్నవాళ్ళకి బాగా తెలుసు, ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు అని పాత డ్రైవర్లు కొత్తవాళ్ళకి ఊరికే చెప్పరు. ఈ డీజిల్ ట్రక్కుల్లో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది, టర్బోలో రెక్కలు మూసుకుని పొగ బయటికి పోకుండా అడ్డుకుంటాయి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, కాలి బ్రేకులు చల్లగా మిగులుతాయి. పది టన్నులతో ఏడు శాతం వాలు దిగేటప్పుడు దీని విలువ వేల డాలర్లకి తక్కువ కాదు. డీజిల్‌కి ఎక్కువ ఇచ్చిన డబ్బులో సగం దీనికే అని బావగారికి చెప్పాను. దీంతోపాటు ట్రక్కులోంచే క్యాంపర్ బ్రేకులు పట్టించే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఫ్యాక్టరీలోనే బిగించి ఉందో లేదో చూసుకోండి, తొట్టిలో ఫిఫ్త్ వీల్ ప్రెప్ ప్యాకేజీ ఉంటే హిచ్ బిగించడానికి రంధ్రాలు పొడిచే పని తప్పుతుంది.

తొట్టి పొడవు: ఎనిమిదడుగులది తీసుకోండి. ఆరున్నర అడుగుల తొట్టితో ఇరుకు మలుపులో క్యాంపర్ ముందు మూల వెళ్ళి క్యాబిన్ వెనకద్దానికి తగిలే ప్రమాదం ఉంది. దానికి వెనక్కి జరిగే స్లైడర్ హిచ్‌లు ఉన్నాయి, కొత్త క్యాంపర్లలో ముందు మూలలు కోసినట్టు లోపలికి చేసినవీ ఉన్నాయి, కానీ డ్యూయలీ కొంటూ పొట్టి తొట్టి తీసుకోవడంలో నాకు అర్థం కనపడలేదు. ఇంకోటి, ఈమధ్య ట్రక్కుల తొట్టి గోడలు బాగా ఎత్తుగా వస్తున్నాయి. క్యాంపర్ మెడ కింద భాగానికీ తొట్టి గోడకీ మధ్య ఆరంగుళాలైనా ఖాళీ ఉండాలి, లేకపోతే పెట్రోల్ బంకులోకి దిగే చిన్న పల్లంలోనే గోడ నలుగుతుంది. ఆ ఖాళీ కోసం హిచ్ మరీ ఎత్తు పెంచితే క్యాంపర్ ముక్కు పైకెత్తి, దాని వెనక యాక్సిల్ మీద భారం పెరుగుతుంది. కొనేముందు టేపు పట్టుకుని రెండూ కొలవాల్సిందే.

తగిలించేటప్పుడు మా కుర్రాళ్ళు యార్డులో చేసే ఒక పని బావగారికి వీడియో కాల్‌లో చూపించాను. కింగ్ పిన్ లాక్ అయిందని చప్పుడు వినగానే నమ్మకూడదు. టార్చి వేసి దవడలు పిన్ చుట్టూ మూసుకున్నాయో లేదో చూడాలి, తర్వాత ట్రైలర్ కాళ్ళు నేలమీద ఉండగానే ట్రైలర్ బ్రేకులు పట్టి బండిని నెమ్మదిగా ముందుకి లాగి చూడాలి. పట్టు నిలిస్తేనే కాళ్ళు ఎత్తాలి. పిన్ పళ్ళెం మీద కూర్చుందే తప్ప దవడల్లోకి దిగలేదనుకోండి, బయల్దేరగానే క్యాంపర్ ముక్కు వచ్చి తొట్టి గోడల మీద పడుతుంది.

కొన్నది ఒక టన్ డ్యూయలీ, డీజిల్, లాంగ్ బెడ్, మధ్య రకం ట్రిమ్. లెదర్ సీట్లు వద్దనుకున్నారు. క్యాంపర్ తగిలించి, సామాను సర్ది, నీళ్ళు నింపి, హైవే పక్క ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద కాటా వేయించమన్నాను. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి రెండో దాని మీద, క్యాంపర్ చక్రాలు మూడో దాని మీద నిలిపితే మూడు తూకాలూ విడివిడిగా కాగితం మీద వస్తాయి. తర్వాత క్యాంపర్ విప్పేసి ఒట్టి ట్రక్కుని మళ్ళీ తూయించాలి. ట్రక్కు బరువులో రెండు తూకాలకీ ఉన్న తేడానే అసలు పిన్ బరువు. ఆయనకి వచ్చింది 3,080, నేను వేసిన దానికి నూటపది ఎక్కువ. ముందు అరలో పెట్టిన గ్రైండరూ, డబ్బాలూ వంటింట్లోకి, అంటే క్యాంపర్ చక్రాల దగ్గరికి మార్చమన్నాను, అక్క వినలేదు, డ్యూయలీ కాబట్టి నేనూ పట్టుపట్టలేదు.

మిగిలింది లైసెన్స్. టెక్సాస్‌లో ట్రక్కు, క్యాంపర్ గరిష్ఠ బరువులు కలిపి 26,001 పౌండ్లకు చేరి, అందులో క్యాంపర్‌ది 10,000 దాటితే మామూలు క్లాస్ సీ లైసెన్స్ సరిపోదు, కమర్షియల్ కాని క్లాస్ ఏ కావాలి. డ్యూయలీ 14,000, క్యాంపర్ 14,000, మొత్తం 28,000. మూడువంతుల టన్ బండి అయితే 24,000తో తప్పించుకోవచ్చు కదా అని బావగారు చివరిదాకా ఆశపడ్డారు, కానీ పరీక్ష తప్పించుకోవడానికి తక్కువ బండి కొనడం ఏం బాగుంటుంది? మీ రాష్ట్రంలో నియమం వేరుగా ఉండొచ్చు, కాలిఫోర్నియాలో హద్దులు వేరు, కాబట్టి బండి బుక్ చేసేముందే అక్కడి లైసెన్స్ వెబ్‌సైట్ చూసుకోండి. డ్రైవింగ్ పరీక్షకి అదే తరగతి బండి తీసుకెళ్ళాలి, అంటే క్యాంపర్ తగిలించుకునే వెళ్ళాలి, అప్పటిదాకా క్లాస్ ఏ ఉన్న మనిషి పక్క సీట్లో ఉండాలి. ఫ్రిస్కోలోనే ఆయనకి తెలిసిన మరో తెలుగాయనకి ఆ లైసెన్స్ ఉంది, ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ ఖాళీ పార్కింగ్ స్థలాల్లో రివర్స్ నేర్చుకుంటున్నారు.